తడి గింజలు పైన పెట్టండి



డల్లాస్ దగ్గర ఉంటున్న మా భాంజా 1980ల నాటి ఇన్‌బోర్డ్ స్కీ బోటు ఒకటి కొని బాగుచేసుకుంటానన్నాడు. అప్పటి నుంచి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో బహస్ నడుస్తూనే ఉంది. ఆపా "ఇది ఇస్రాఫ్" అంటోంది. దూల్హాభాయ్ "పాత సామానుకు పైసలు పోస్తావా?" అంటున్నారు. భాంజా నన్ను మధ్యలోకి లాగి, "మామూ, మీరే ఫైసలా చెప్పండి" అన్నాడు. జర్నలిస్టును కదా, తహఖీఖ్ చెయ్యకుండా నోరు విప్పలేను. వాడు పంపిన వీడియోలు చూసి, ఇంజన్ల పని తెలిసినవాళ్లను అడిగాక నా రాయ్ ఇది: బోటు పాతదవడం ఐబ్ కాదు. ఐబును దాచడమే గునాహ్. కొనేటప్పుడైనా, బాగుచేసి అమ్మేటప్పుడైనా ఈ ఒక్క ముక్క మరిచిపోకూడదు.

ముందు ఈ బోటు సంగతి. నీళ్ల మీద స్కీయింగ్‌ను 1922లో మిన్నెసోటాలోని లేక్ పెపిన్ మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. ఫ్లోరిడాలో 1925లో పుట్టిన కరెక్ట్ క్రాఫ్ట్ కంపెనీ 1961లో స్కీ నాటీక్ అనే బోటు తెచ్చింది. 1968లో టెనెస్సీలో మాస్టర్‌క్రాఫ్ట్ మొదలైంది. మామూలు బోటుకు ఇంజన్ వెనక వేలాడుతుంది. ఈ స్కీ బోట్లలో మాత్రం నడిమధ్యన పెట్టె కింద ఉంటుంది. అక్కడి నుంచి ఇనుప షాఫ్ట్ ఏటవాలుగా అడుగులోంచి కిందికి దిగి, ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. బరువు మధ్యలో ఉంటుంది కాబట్టి వెనక అల చిన్నగా లేస్తుంది, స్కీ చేసేవాడికి దారి సాఫ్‌గా ఉంటుంది. ఆ రోజుల్లో చాలా బోట్లకు ఫోర్డ్ వారి 351 ఇంజన్, అంటే 5.8 లీటర్ల వి8, నీళ్లకు తగ్గట్టు మార్చి బిగించేవారు. పుర్జాలు ఇప్పటికీ దొరుకుతాయి.

ఇస్రాఫ్ మాట తీసుకుందాం. ఇలాంటి కొత్త బోటు లక్ష డాలర్లు దాటుతుంది. అంత నఖ్ద్ ఎవరి దగ్గరుంటుంది? బ్యాంకు లోనే గతి, అంటే సూద్. పాతది కొన్ని వేల డాలర్లకు చేతి పైసలతోనే వస్తుంది. ఇంకో సంగతి. మన ఆడపిల్లలు జనం కిక్కిరిసిన చోట నీళ్లలో దిగడానికి మొహమాటపడతారు. సొంత బోటుంటే ఫజర్ తర్వాత ఖాళీగా ఉన్న సరస్సు మీద అమ్మీ, అబ్బా, పిల్లలు మాత్రమే పర్దాగా తిరిగి రావచ్చు. హలాల్ కమాయితో, సూద్ లేకుండా, ఇంటిల్లిపాదికీ పనికొచ్చే తఫ్రీహ్‌ను ఇస్రాఫ్ అనడానికి నాకు మనసు రాదు.

అయితే అసలు ఖతరా వేరే చోట ఉంది. ఆ కాలపు బోట్ల అడుగున తలనుంచి తోక దాకా పొడుగాటి దూలాలు ఉంటాయి. వీటిని స్ట్రింగర్లంటారు. లోపల కర్ర, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు. ఇంజన్ బరువంతా మోసేది ఇవే. వీటికి వేసిన మేకుల సందుల్లోంచి నీళ్లు దూరి, ఏళ్ల తరబడి కర్రను కుళ్లబెడతాయి. బోటు మునగకుండా పక్కన నింపిన ఫోమ్ కూడా నీళ్లు తాగుతుంది. పైకేమో పాలిష్ కొట్టిన రంగు అద్దంలా మెరుస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఇక్కడే నాకు సహీహ్ ముస్లిం‌లోని వాకియా గుర్తొచ్చింది. ప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యం కుప్ప పక్క నుంచి వెళుతూ అందులో చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. మరి జనానికి కనపడేలా తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని హుజూర్ (స) అడిగారు. మోసగించేవాడికి మనతో సంబంధం లేదని హెచ్చరించారు. చిన్నప్పుడు మదరసాలో విన్నదే. పైన పొడి, లోపల తడి! ఈ పాత బోట్ల సౌదాకు ఇంతకంటే సరిపోయే సబఖ్ నాకు దొరకలేదు.

కాబట్టి కొనేవాడు కుప్పలో చెయ్యి పెట్టాలి. మన దగ్గర పాత కారు కొనేవాళ్లు జేబులో అయస్కాంతం పెట్టుకుని పోతారు, పుట్టీ మీద అతుక్కోదు కాబట్టి. బోటుకు చిన్న సుత్తి చాలు. దూలం పొడుగునా తట్టుకుంటూ పోతే గట్టి కర్ర ఖణేల్‌మంటుంది, కుళ్లినది బొద్దుగా మోగుతుంది. తర్వాత ఇంజన్‌ను దూలాలకు పట్టి ఉంచే బోల్టులకు పానా వెయ్యండి. బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంటే కర్ర పోయినట్టే. వీలైతే కాటా మీద తూకం వేయించి, ట్రైలర్ బరువు తీసేసి, కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. ఒక ఘనపుటడుగు నీళ్లు 28 కిలోలు. పది ఘనపుటడుగుల ఫోమ్ నిండా తాగితే 280 కిలోలు అదనం. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉందా? నీళ్లు కలిశాయన్నమాట. చలికాలంలో నీళ్లు వంచెయ్యకుండా వదిలేస్తే, గడ్డకట్టి ఇంజన్ బ్లాకే పగులుతుంది. ఇక కాగితాలు. 1972 నవంబరు తర్వాత తయారైన బోటు వెనక, కుడివైపున 12 అక్షరాలూ అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది. టైటిల్ మీద ఉన్నదానితో అది కలవాలి. ట్రైలర్ కాగితాలు విడిగా అడగండి.

"అమెరికాలో యాజ్ ఈజ్ అని రాసి అమ్ముతారు మామూ, తర్వాత అడగడానికి లేదు" అన్నాడు భాంజా. మన హనఫీ ఫిఖ్హ్‌లోనూ, ఏ ఐబుకూ నా జిమ్మేదారీ లేదని ముందే షరతు పెట్టి అమ్మడం చెల్లుతుంది. కానీ తెలిసిన ఐబును కప్పిపుచ్చడం ఏ మజ్హబ్‌లోనూ జాయిజ్ కాదు. కాగితం కోర్టు నుంచి తప్పిస్తే తప్పించవచ్చు. హషర్ మైదానంలో ఆ కాగితం పనికొస్తుందా?

ఇక మరమ్మతు. దూలాలు మార్చాలంటే ఇంజన్ దించాలి, ఫ్లోరు కొయ్యాలి. అడుగు వంకర పోకుండా కింద గట్టిగా ఆసరా పెట్టి, కొలతలన్నీ రాసుకుని, ఒక్కో దూలాన్నే తీసి మార్చాలి. చివర్లో ఇంజన్, షాఫ్ట్ కలిసే చోట రెండు ముఖాల మధ్య తేడా అంగుళంలో వెయ్యింట మూడు వంతులు మించకూడదు. సబ్ర్ లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. కొన్న ధరకు సమానంగా ఇంకో మొత్తం చేతిలో లేకపోతే అసలే వద్దు. సగంలో ఆగి వాకిట్లో పడి ఉన్న బోటు నిజంగానే ఇస్రాఫ్.

పైసలు మిగుల్చుకోవాలని కార్ల దుకాణం నుంచి స్టార్టరో, ఆల్టర్నేటరో తెచ్చి బిగించకండి. బోటు ఇంజన్ మూసిన పెట్టెలో ఉంటుంది, పెట్రోలు ఆవిరి అక్కడే పేరుకుంటుంది. నిప్పురవ్వ బయటికి రాకుండా చేసిన మెరైన్ పుర్జాలే వాడాలి. స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ నడపాలి. ఇంజన్ తిరుగుతుండగా పిల్లలను వెనక చెక్కపట్టీ పట్టుకుని వేలాడనివ్వకండి. అక్కడ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. టెక్సాస్ కానూన్ ప్రకారం 26 అడుగుల లోపు బోటు నడుస్తుంటే 13 ఏళ్ల లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. పిల్లలు మన దగ్గర అల్లాహ్ అమానత్.

భాంజాకు నేను పెట్టిన షరతు ఒక్కటే. మొదటి రోజు నుంచి ఒక డైరీ పెట్టుకో. ఏ దూలం కుళ్లింది, ఏ చోట కొత్త కర్ర వేశావు, ఎక్కడ పైసలు చాలక పాతదే ఉంచేశావు, అన్నీ ఫొటోలతో సహా రాసిపెట్టు. పదేళ్ల తర్వాత అమ్మితే బోటు కంటే ముందు ఆ డైరీ కొనేవాడి చేతికి ఇవ్వు. నాలుగు డాలర్లు తక్కువ రావచ్చు, ఫర్వాలేదు. కొనేవాడూ తన పిల్లల్నే అందులో ఎక్కిస్తాడు. బర్కత్ దాచిన లాభంలో ఉండదు, చెప్పి అమ్మిన సౌదాలోనే ఉంటుంది.