మందు మానాలని ఒక్కసారైనా అనుకున్నవారికి, వారి ఇంట్లోవాళ్లకు



మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే పర్మిట్ రూములో కనిపిస్తాడు. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు జీతాల రోజు దాకా నిలవదు. ఊరంతా "వాడికి సిగ్గు లేదు" అంటుంది. ఆ మాట మేం అనం. దీక్షలో ఉన్నన్నాళ్లూ అతని చుట్టూ స్వాములున్నారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం కలిసి, భిక్ష కలిసి, రాత్రి భజన కలిసి. మాల తీశాక ఎవరింటికి వాళ్లు పోయారు, అతనొక్కడే మిగిలాడు. తాగుడు జబ్బుతో ఒంటరిగా పోరాడటం చాలా కష్టం. తోడుంటే నిలబడొచ్చు. ఆ తోడు ఏడాది పొడుగునా, పైసా ఖర్చు లేకుండా దొరికే చోటు ఒకటుంది. దాని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు.

1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో అది మొదలైంది. బిల్ విల్సన్ షేర్ల వ్యాపారంలో పనిచేసిన మనిషి. మందు మాని కొన్ని నెలలే అయింది. పని మీద ఆ ఊరొచ్చాడు, పని చెడింది. హోటల్లో బారు కళ్లెదుటే ఉంది. ఈ పూట తాగకుండా ఉండాలంటే తనలాంటి ఇంకో తాగుడు మనిషితో మాట్లాడాలనుకుని ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ డాక్టరు ఆ జూన్‌లో మానేశాడు, మళ్లీ తాగలేదు. ఒకడు ఇంకొకడికి నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నాడు. ఇప్పటికీ మీటింగుల్లో జరిగేది అదే.

హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో ఈ మీటింగులు జరుగుతున్నాయి. స్కూలు గదిలోనో, చర్చి పక్క హాల్లోనో ఓ పదిమంది కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు అడ్డు రారు, తిట్టరు, సలహాలివ్వరు. మీరు నోరు విప్పకుండా ఊరికే విని రావచ్చు. ఇంటిపేరు అడగరు, కులం అడగరు, ఆధార్ అడగరు. ఫీజు లేదు. చివర్లో డబ్బా తిప్పుతారు, అది హాలు అద్దెకూ టీకీ. కొత్తవాళ్లు వేయక్కర్లేదు. మానాలనే కోరిక ఒక్కటుంటే చాలు, ఇంకే అర్హతా అక్కర్లేదు. దేవుడి మాట వస్తుంది. ఎవరి నమ్మకం వారిది, మతం మార్చుకోమని ఎవరూ అనరు. జన్మంతా మానేస్తానని ఒట్టు వేయించరు. ఈ ఒక్క రోజు ముట్టకుండా ఉండమంటారు, రేపటి సంగతి రేపు. మానిన పాతవాళ్లలో ఒకరు మీకు ఫోన్ నంబరిస్తారు. సాయంత్రం ఏడింటికి కాళ్లు వైన్ షాపు వైపు లాగుతుంటే ఆ నంబరుకు ఫోన్ చేయండి. మళ్లీ తాగి తప్పినా మొహం చాటేయకండి, మర్నాడే రండి.

ఒక్క హెచ్చరిక. రోజూ పొద్దున్నుంచీ తాగేవారు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి చెదరొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. మందులు డాక్టరివ్వాలి, గ్రూపు ఇవ్వదు. అమ్మలారా, అతనికి తెలియకుండా అన్నంలోనో కూరలోనో కలపమని అమ్మే మాత్రలూ పొడులూ కొనకండి. వాటిలో కొన్నిటి మీద మందు తాగితే మనిషే పోతాడు.

ఇల్లాళ్లకూ తోడు కావాలి. 1951లో బిల్ భార్య లోయిస్ మరికొందరితో కలిసి అల్-అనాన్ పెట్టింది అందుకే. మీ ఆయన రానన్నా మీరు వెళ్లొచ్చు. ఇక తాగే ఆడవాళ్ల గురించి మన ఊళ్లలో మాటే ఎత్తరు. తల్లీ, ఆ కుర్చీల్లో మీకూ చోటుంది.

మన గడ్డ మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమారు. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. బెల్టు షాపుల మీద పోరాడాల్సిందే, మేమూ పోరాడతాం. కానీ షాపు మూసేదాకా మీ ఇల్లు ఆగలేదు. 2019లో కేంద్రం వెలువరించిన సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మిగతా 37 మంది మన వీధుల్లోనే ఉన్నారు.

దగ్గర్లో మీటింగు ఎక్కడో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, డబ్బు పడదు. మనసు కుంగి చావు ఆలోచన వస్తుంటే 14416 టెలీ మానస్, రాత్రైనా పగలైనా. జిల్లా ఆసుపత్రిలో అడిగినా చెబుతారు. మొదటిసారి ఒంటరిగా పోలేకపోతే తమ్ముణ్నో బావనో వెంట తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లూ వచ్చి కూర్చునే మీటింగులు వేరే ఉంటాయి, ఫోన్లో కనుక్కోండి.

ఈ కాగితం జేబులో పెట్టుకోండి, మీకు అక్కర్లేకపోతే అవసరమైనవారి చేతికివ్వండి. ఈ వారమే ఒక్క మీటింగుకు వెళ్లండి.

— మందు మానిన కొందరు, వారి ఇంటివాళ్లు