ఆ రద్దీ, ఈ రద్దీ

మొన్న ఇత్వార్ నాడు పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌లో కురుసుర చూడ్డానికెళ్ళాను. టికెట్ల క్యూలో మన బుర్ఖాలు, టోపీలు ఎన్నో! దిల్ ఖుష్ అయింది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 జంగ్ చూసి, 2001లో సెలవు తీసుకున్న 91 మీటర్ల జలాంతర్గామి అది. 2002 నుంచి మ్యూజియం. దానికి ఎదురుగా 2017లో టీయూ-142 విమానం వచ్చింది. అదే బీచ్ రోడ్డులో, పాత డచ్ బంగళాలో విశాఖ మ్యూజియం. ఎక్కడ చూసినా రద్దీ. ముబారక్! ఇవన్నీ అందరివీ, మనవీ.

బయటికొచ్చాక మావాడు అడిగాడు: "అబ్బా, దాదా అబ్బా ఈ ఊళ్ళో ఏం చేసేవారు?"

"పోర్టులో పని."

"ఏం పని?"

నా దగ్గర జవాబు లేదు. అబ్బాజాన్ ఉర్దూలో రాసుకున్న నోట్‌బుక్కులు ఒక పెట్టెడు ఉండేవి. ఇల్లు మారేటప్పుడు, నాకు ఉర్దూ చదవడం రాదు కదా అని, రద్దీవాడికి తూకానికి అమ్మింది నేనే. మ్యూజియం ముందు ఆ రద్దీ, మన ఇళ్ళల్లో ఈ రద్దీ!

'మన తారీఖ్‌ను మాయం చేస్తున్నారు' అని జల్సాల్లో గొంతులు చించుకుంటాం. చేసేవాళ్ళున్నారు, కాదనను. కానీ నా పెట్టెను ఏ హుకూమత్ వచ్చి ఎత్తుకుపోలేదు.

పోర్టు ముఖద్వారం పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై ఇసాక్ మదీనా దర్గా. ఆ దర్గా ముందునుంచి వెళ్ళే ఓడలు జెండా దించి సలాం చేసేవని బుజుర్గులు చెప్పే రివాయత్. ఓడలకు తెలిసిన చోటు మన ఔలాద్‌కు తెలీదు! 'మేం దర్గాలకు పోం' అనే భాయీలూ, మిమ్మల్ని మన్నత్ మొక్కమనడం లేదు. ఊరి తారీఖ్ చూడమంటున్నా. భూమ్మీద తిరిగి, ముందు తరాల గతి చూడమని ఖురాన్ ఎన్నోచోట్ల చెప్పలేదా?

'ఈ పాత కాగితాలు కడుపు నింపుతాయా?' అంటారు కొందరు. నింపవు. కానీ 'మీరెక్కడినుంచి వచ్చారు?' అని రేపెవరైనా మన పిల్లల్ని నిలదీస్తే, జవాబు వాటిలోనే ఉంటుంది. 1933లో మొదలైన ఈ పోర్టులో మూటలు మోసిన భుజాల్లో మనవీ ఉన్నాయి. స్టీల్ ప్లాంటు కొలిమి దగ్గర కారిన పసీనాలో మనదీ ఉంది. అది ఎవరు రాస్తారు?

మ్యూజియాలకు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. తిరిగొచ్చి ఇంట్లో సందూక్ తెరవండి. పాత నికాహ్‌నామాలు, ఖత్‌లు, డ్యూటీ కార్డులు ఫోన్లో ఫొటో తీయండి. దాదీ, నానీల పక్కన కూర్చుని వాళ్ళ మాటలు తెలుగులోనైనా రాసుకోండి. ప్రతి మసీదులో ఒక అల్మారా వీటికి కేటాయించమని కమిటీల్ని అడగండి. ఉర్దూ చదవగలిగిన బుజుర్గులు ఇంకా మన మధ్య ఉండగానే చదివించుకోండి.

ఇది అమానత్. నేను ఖయానత్ చేశాను. మీరు చేయకండి.