నాన్న ఏం పని చేసేవారో డాక్టర్‌కి చెప్పారా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాన్నకి 66 ఏళ్లు. ఓడల రిపేర్లలో బాయిలర్లకి, ఆవిరి పైపులకి వేడి తగలకుండా పీచు చుట్టే పని ఇరవై ఏళ్లు చేశారు. ఏడాది కిందట ఆయాసం మొదలైంది. ఛాతీలో నీరు చేరిందన్నారు. టీబీ అనుకుని ఆరు నెలలు మందులు వాడాం. నీరు తీసిన ప్రతిసారీ మళ్లీ చేరింది. ఇప్పుడు బయాప్సీ చేసి ‘మీసోథీలియోమా’ అంటున్నారు. నాన్న జన్మలో సిగరెట్ ముట్టలేదు. మరి ఎలా వచ్చింది? తగ్గుతుందా? ఎక్కడో నాటుమందు ఇస్తారట, అక్కడికి తీసుకెళ్దామని మావయ్య పట్టుబడుతున్నాడు. నాన్న డ్యూటీ బట్టలు అమ్మే ఉతికేది. అమ్మకీ వస్తుందా?

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆ పీచు చాలావరకు ఆస్బెస్టాస్ అయ్యుంటుంది. అది భూమిలో దొరికే ఖనిజం. చూడ్డానికి రాయే, నలిపితే దూది పీచులా విడిపోతుంది. నిప్పుకి కాలదు, చవక. అందుకే ఓడల్లో, బాయిలర్లలో, బ్రేకుల్లో, ఇంటి పైకప్పు రేకుల్లో విపరీతంగా వాడారు. మన పులివెందుల వైపు కూడా ఒకప్పుడు దీని గనులు ఉండేవి.

పీచుని కోసినా, పీకినా కంటికి కనపడని పోగులు గాల్లోకి లేస్తాయి. పీలిస్తే కొన్ని ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పల్చని పొర దాకా వెళ్తాయి. శరీరం వాటిని కరిగించలేదు. ఏళ్ల తరబడి అక్కడ వాపు, రాపిడి జరిగి కణాలు దెబ్బతింటాయి. ఆ పొరకి వచ్చే క్యాన్సరే మీసోథీలియోమా. ఒక్కోసారి కడుపు లోపలి పొరకీ వస్తుంది. పీల్చినప్పటి నుంచి జబ్బు బయటపడటానికి మామూలుగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. అందుకే రిటైరయ్యాక వస్తుంది.

సిగరెట్‌కీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. కానీ ఆస్బెస్టాస్ పీల్చినవాళ్లు సిగరెట్ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నాన్న పాత స్నేహితులు ఎవరైనా ఇంకా తాగుతుంటే ఈ మాట చెప్పండి.

టీబీ అనుకోవడం వింత కాదు. మన దగ్గర ఛాతీలో నీరు చేరితే ముందు టీబీనే అనుమానిస్తారు. చిక్కేంటంటే, తీసిన నీటిని పరీక్షించినా చాలాసార్లు ఈ క్యాన్సర్ దొరకదు. ఛాతీకి చిన్న రంధ్రం పెట్టి, కెమెరాతో చూస్తూ పొర ముక్క తీస్తేనే తేలుతుంది. అంత దూరం వెళ్లాలన్న ఆలోచన డాక్టర్‌కి రావాలంటే పేషెంట్ ఏ పని చేసేవాడో తెలియాలి. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టర్ బృందం 33 కేసుల వివరాలు ప్రచురించింది. వాళ్లలో గని కార్మికులే కాదు, చిన్నప్పుడు గనుల దగ్గర పెరిగినవాళ్లూ ఉన్నారు. పాత సంగతులు అడిగి ఆరా తీశారు కాబట్టే ఆస్బెస్టాస్‌తో లింకు బయటపడింది.

ఇక వైద్యం. దాచకుండా చెప్తాను. ఇది పూర్తిగా నయం కావడం చాలా అరుదు. కానీ చేయగలిగింది ఏమీ లేదనుకోకండి. కణాల రకం ఏది, ఎంతవరకు పాకింది, నాన్న ఒంట్లో సత్తువ ఎంత ఉంది, ఈ మూడింటిని బట్టే దారి నిర్ణయిస్తారు.

మొదటిది కీమో. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తారు. 2003లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో సిస్‌ప్లాటిన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు సుమారు 9 నెలలు. రెండూ కలిపి తీసుకున్నవాళ్లది 12 నెలలు. రెండోది ఇమ్యునోథెరపీ. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జోడీకి 2020లో అమెరికా అనుమతి వచ్చింది. ట్రయల్‌లో కీమోతో 14 నెలలుంటే దీంతో 18 నెలలు. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారని. కాబట్టి ఆ అంకెని నాన్నకి గడువులా చూడకండి. ఇమ్యునోథెరపీ ఖర్చు చాలా ఎక్కువ. అప్పు చేసే ముందు, నాన్న కణాల రకానికి అది ఎంత లాభమో డాక్టర్‌ని సూటిగా అడగండి.

‘పెద్ద ఆపరేషన్ చేసేస్తే పోతుంది కదా’ అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో జరిగిన మార్స్-2 ట్రయల్‌లో ఛాతీ పొరని తొలగించే పెద్ద సర్జరీ, కీమో రెండూ చేయించుకున్నవాళ్ల కంటే కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లకే మేలు జరిగింది. కాబట్టి సర్జరీ అంటే రెండో అభిప్రాయం తప్పనిసరి.

ఆయాసం తగ్గించడమూ వైద్యమే. నీరు మళ్లీ చేరకుండా లోపల టాల్క్ పొడి వేసి పొరలు అతుక్కునేలా చేస్తారు. లేదా సన్నటి గొట్టం అమర్చి ఇంట్లోనే నీరు తీసుకునే వీలు కల్పిస్తారు. నొప్పికి మార్ఫిన్ ఇస్తారు. పాలియేటివ్ డాక్టర్ దగ్గరికి పంపారంటే చేతులెత్తేశారని కాదు. మొదటి నుంచే కలవండి.

నాటుమందు సంగతి. ‘ది గ్రేట్ ఎస్కేప్’ హీరో స్టీవ్ మెక్వీన్‌కి ఇదే జబ్బు. మెరైన్స్‌లో ఉన్నప్పుడు ఓడ పైపుల మీద ఆస్బెస్టాస్ తొలగించిన పనే కారణమని ఆయన అనుమానం. రుజువులేని వైద్యం కోసం మెక్సికో వెళ్లాడు. 1980 నవంబర్‌లో అక్కడే చనిపోయాడు, 50 ఏళ్లకి. అంత డబ్బున్న మనిషికే అది పనిచేయలేదు. మావయ్య ప్రేమని కాదనకండి. ఆ ప్రయాణం డబ్బులు మందులకి, ఇంట్లో మంచి పడకకి వాడదామని చెప్పి చూడండి.

అమ్మ గురించి. బట్టలు ఉతికిన భార్యలకి ఈ జబ్బు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కానీ అలా ఉతికిన చాలామందికి రాదు. ఏ లక్షణం లేకుండా ఊరికే స్కాన్లు అక్కర్లేదు. ఆయాసం, ఛాతీ నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆ బట్టల సంగతి డాక్టర్‌కి మొదటే చెప్పాలి.

మీ ఇంటి మీద సిమెంటు రేకులుంటే కంగారుపడి పీకేయకండి. చెక్కుచెదరని రేకు కింద ఉంటే ముప్పు తక్కువ. కోయడం, డ్రిల్ పెట్టడం, పొడిగా గీకడం ప్రమాదం. తప్పనప్పుడు తడిపి, సరైన మాస్క్ పెట్టుకుని తీయాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

చివరిగా డబ్బు సంగతి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా చట్టప్రకారం నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డుల్ని ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నాన్న పాత ఐడీ కార్డు, జీతం కాగితాలు, పీఎఫ్ వివరాలు వెతికి లాయర్‌కి చూపించండి.

ఈ రాత్రి నాన్న పక్కన కూర్చుని ఫోన్‌లో రాసుకోండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్కడ, ఏ పని, పక్కన ఎవరెవరు పనిచేసేవారు. ఒక కాపీ డాక్టర్‌కి ఇవ్వండి. ఆ పక్కన పనిచేసినవాళ్ల పిల్లలకి ఫోన్ చేయండి. వాళ్లింట్లోనూ ఎవరికో ఇప్పుడే ఆయాసం మొదలై ఉండొచ్చు.