ఖాళీ కుర్చీల ఫొటోలు ఇక ఆపుదాం



ముందే చెప్తున్నా, ఈ పోస్టు కొందరు అన్నలకి కోపం తెప్పిస్తుంది. పర్వాలేదు, చివరిదాకా చదివాక తిట్టండి.

మన గ్రూపులు ఒక్కసారి తెరిచి చూడండి. "మనోళ్లు మారరు." "మీటింగ్ అంటే పదిమంది రారు, మందు అంటే ఊరంతా వస్తారు." "మన భాష ఎవడూ మాట్లాడట్లేదు." రోజూ ఇవే. రాసేవాళ్లది దురుద్దేశం కాదు, బాధ. నేనూ రాశాను. మా ఊరి గ్రామసభకి జనం రాలేదని ఖాళీ కుర్చీల ఫొటో పెట్టి "సిగ్గుపడదాం" అన్నాను. షేర్లు బాగానే వచ్చాయి. తర్వాతి సభకి మాత్రం ఇంకా తక్కువమంది వచ్చారు. మా బావని నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "ఎవరూ రారని నువ్వే పెట్టావు కదా, నేనొక్కణ్ని వచ్చి ఏం చేస్తాను?"

తప్పు బావది కాదు, నాది.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో రాయిగా మారిన చెట్ల అడవి ఒకటి ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కలు ఎత్తుకుపోతుంటారు. రాబర్ట్ సియాల్దిని అనే సైకాలజీ ప్రొఫెసర్ బృందం అక్కడ రకరకాల బోర్డులు పెట్టి చూసింది. "దయచేసి తీసుకెళ్లొద్దు" అన్న బోర్డు దగ్గర గుర్తుపెట్టిన ముక్కల్లో 2 శాతం లోపే పోయాయి. "చాలామంది తీసుకెళ్తున్నారు, అడవి పాడవుతోంది" అన్న బోర్డు దగ్గర దాదాపు 8 శాతం పోయాయి. దొంగతనం ఆపడానికి పెట్టిన బోర్డే "అందరూ చేస్తున్నారు" అని చెప్పినట్టయింది.

మన పోస్టులు సరిగ్గా ఆ రెండో బోర్డులే. "యువత ఉద్యమానికి రావట్లేదు" అని వందసార్లు రాస్తే, రాకపోవడమే మామూలు అని వందసార్లు నేర్పినట్టే. మనిషి తనలాంటోళ్లు ఏం చేస్తున్నారో చూసి అడుగేస్తాడు. ధింసాలో నలుగురు చేతులు కలిపాకే కదా పక్కన కూర్చున్నోళ్లు లేస్తారు? "ఎవరూ ఆడట్లేదు" అని మైకులో తిడితే ఎవరు లేస్తారు?

ఇక రెండో జబ్బు, ఏడుపు. డోలీలో మోసుకెళ్తున్న గర్భిణి ఫొటో, కింద ఏడుపు బొమ్మలు. చూసినవాడు "అయ్యో" అని వేలితో పైకి తోసేస్తాడు. 2012లో ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వచ్చిన దాదాపు 7 వేల వ్యాసాలు పరిశీలించారు. కోపం, ఆందోళన, అబ్బురం కలిగించినవి జనం ఎక్కువగా పంచుకున్నారు. ఒట్టి దుఃఖం కలిగించినవి తక్కువ పంచుకున్నారు. దుఃఖం మనిషిని కూలబెడుతుంది. కోపం లేపుతుంది. డోలీ సంగతి చెప్పొద్దని కాదు. ఆ తల్లి మొహం చూపించకుండా, ఆమె ఒప్పుకుంటేనే, ఏ ఊరు, రోడ్డు ఎక్కడ ఆగింది, ఎవరు సంతకం పెట్టాలి, మనం రేపు ఎక్కడికి వెళ్తున్నాం, ఇవన్నీ రాయండి. చదివినవాడికి చేయడానికి ఒక పని దొరకాలి.

"ఇవన్నీ కంపెనీల మార్కెటింగ్ ట్రిక్కులు, నిజం ఉంటే చాలు" అనే అన్నలకి ఒక మాట. సియాల్దిని ఈ సూత్రాలని 1984లోనే పుస్తకంగా రాశాడు. మన ఊళ్లకి వచ్చే దళారులు అది చదివి ఉండరు గానీ, వాడటం మాత్రం బాగా తెలుసు. ముందు చీరలు, క్రికెట్ కిట్లు ఇస్తారు. తీసుకున్న చెయ్యి కాదనలేదు. తర్వాత "పక్క ఊరోళ్లు ఒప్పేసుకున్నారు" అంటారు. చివరికి "నెలాఖరులోపు సంతకం పెట్టకపోతే డబ్బులు పోతాయి" అంటారు. మన మీద ఇంత వాడుతుంటే, మనం మాత్రం ఏమీ తెలియనట్టు కూర్చోవాలా?

మన పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఊళ్ల గ్రామసభలనే అడగమంది. 12 పల్లి సభలు జరిగాయి. ఒకదాని తర్వాత ఒకటి, 12 సభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. మొదటి ఊరు గట్టిగా వద్దన్నాక రెండో ఊరికి తాను ఒంటరి కాదని తెలుస్తుంది. "పక్క ఊరోళ్లు ఒప్పేసుకున్నారు" అనే దళారి మాటకి జవాబు అదే: పక్క ఊరోళ్లు వద్దన్నారు.

ఒక్క గీత మాత్రం దాటొద్దు. అబద్ధం. "1/70 చట్టం రద్దయిపోయిందంట" అని ఎవడో పంపితే, కోపంలో ముందూ వెనకా చూడకుండా ఫార్వర్డ్ చేస్తాం. అది తప్పని తేలితే, రేపు నిజంగా ఆ చట్టం మీద చెయ్యి వేసినప్పుడు మన మాట ఎవడూ నమ్మడు. జీవో కాపీయో, కోర్టు ఆర్డరో కళ్లతో చూడందే పెట్టకండి. దళారికీ మనకీ తేడా అక్కడే ఉంది.

నా తప్పు తర్వాత మేము పద్ధతి మార్చాం. రానోళ్లని తిట్టడం మానేశాం. వచ్చినోళ్లు ఎందుకొచ్చారో వాళ్ల నోటితోనే, తెలుగులో కాదు, కువిలో, ఆదివాసీ ఒడియాలో వాయిస్ రికార్డు చేసి ఊరి గ్రూపులో పెట్టాం. పోడు పట్టా కోసం తిరుగుతున్న ఒక పెద్దమ్మ నిమిషం మాట్లాడింది. ఫోన్ లేనోళ్లకి సంతలో వినిపించాం. తర్వాతి సభకి బావ వచ్చాడు, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని.

అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం గ్రామసభకి కనీసం సగం మంది సభ్యులు ఉండాలి, హాజరైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అంటే ఇది లైకుల లెక్క కాదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. సగం ఊరు కదలకపోతే తీర్మానం నిలవదు, తీర్మానం లేకపోతే భూమి నిలవదు.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఊళ్లో ఎవరో ఒకరు చేసిన మంచి పని ఒకటి, వాళ్లని అడిగి, మీ భాషలో పెట్టండి. కింద తర్వాతి సభ తేదీ, చోటు రాయండి. "మేలుకోండి" అని రాయకండి. మేలుకున్నోళ్లని చూపించండి.

జై ఆదివాసీ.