బాలికలకు సాముగరిడీలు: మేలును కీడును

తిరుపతి, చిత్తూరు పట్టణములలో నేడు కరాటే, టైక్వాండో మున్నగు విద్యలు నేర్చుకొను బాలికలు కలరు. ప్రభుత్వ పాఠశాలలలో ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు గల బాలికలకు మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పుటకై రాణీ లక్ష్మీబాయి పేర కేంద్రప్రభుత్వ పథకమును గలదు. ఇట్టి విద్య మన సీమకు క్రొత్తది కాదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడక ముందు ఈ ప్రాంతములో పెద్దభాగము ఉత్తరార్కాటులో చేరియుండెను. తమిళులు సిలంబమనునదియు మనము కర్రసామనునదియు దగ్గరి చుట్టములే. అయినను గరిడీ మగవారిదే యను భావము మనలో నాటుకొనియున్నది. కేరళమున వటకరకు చెందిన మీనాక్షి అమ్మగారు బాల్యముననే కళరిపయట్టు నేర్చి, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మటను శిష్యులకు బోధించుచు, 2017లో పద్మశ్రీ పొందిరి. కావున స్త్రీ శరీరమునకు సాము తగదనుట సరికాదు.

ఇక మేలు సంగతి. అయిదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషములు మధ్యరకపు లేక గట్టి వ్యాయామము కావలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో నిర్ణయించినది. బడి, ఇంటిపాఠము, టెలిఫోను వీనితోనే ప్రొద్దుపుచ్చు పిల్లకు ఇది దొరకుట లేదు. సామువలన గుండెయు ఊపిరితిత్తులును బలపడును. అలిపిరి మెట్లు 3550 ఎక్కునపుడు ఆయాసపడు పిల్లయే కొన్ని నెలల సాధన పిమ్మట తేలికగా నడవగలదు. ఎముకల గట్టిదనములో చాలభాగము ఇరువదియేండ్లలోపుననే కూడును. దుముకుట, అడుగువేయుట దానికి తోడ్పడును. ఈ మూలధనమే ముసలితనమున తుంటి విరుగకుండ కాపాడును. అవ్వలకు సైతము చీనాదేశపు తాయ్‌చీ యను నెమ్మది సాము పడిపోవుటను తగ్గించునని వైద్యులు కనుగొనిరి.

కీడును దాచరాదు. బెణుకులు, కమిలిన గాయములు, వ్రేళ్ల దెబ్బలు సామాన్యము. సాధనలో కంటె పోటీలలో నివి హెచ్చు. బాలికలకు మోకాలి లోపలి నరము వంటి కట్టు తెగు ప్రమాదము మగపిల్లలకంటె నెక్కువ గనుక, దుమికి దిగునపుడు మోకాళ్లు వంచి, అవి లోపలికి వాలకుండ నిలుచుట మొదటనే నేర్పవలెను.

ఎముక దెబ్బతిన్నచో మనవారికి వెంటనే పుత్తూరు కట్టు జ్ఞప్తికి వచ్చును. దాని ప్రసిద్ధి రాష్ట్రములు దాటినది. అయినను ఎదుగు పిల్లల ఎముకల కొనలు మెత్తనివి; అచట కలిగిన దెబ్బ సరిగా కుదురనిచో ఆ అవయవము పొట్టియగుటయో, వంకరవోవుటయో సంభవింపవచ్చును. కావున మొదట ఎక్స్‌రే తీయించి వైద్యునకు చూపుట మేలు. ఎట్టి కట్టు కట్టించినను వ్రేళ్లు చల్లబడినను, నీలిరంగు తిరిగినను, తిమ్మిరియెక్కినను క్షణమాగక విప్పించి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తలకు దెబ్బ తగిలిన పిల్ల ఆనాడు మరల సాములోనికి దిగరాదు. తలనొప్పి, తల తిరుగుట, మతిమరపు కన్పట్టిన వైద్యునకు చూపవలెను. స్పృహ తప్పినను, పలుమారులు వాంతియైనను, మగతగా నున్నను ఆలస్యమసలే కూడదు.

ఆహారము నెరిగి పెట్టవలెను. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత గలదు. పిల్ల త్వరగా అలసినచో సోమరియని యెంచక నెత్తురు పరీక్ష చేయింపుడు. మన రాగిసంగటి సున్నపు సత్తువకు పెన్నిధి. దానితో పప్పు, ఆకుకూర, వేరుసెనగ, నిమ్మరసము చేర్పుడు. భోజనము వెంటనే టీ త్రాగిన ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పోటీలలో తక్కువ బరువు తరగతికై పస్తుండుట, నీరు మానుట మిక్కిలి హానికరము. ముట్టుదినములలో ఓపికయున్న సాధన చేయవచ్చును. కాని సాధన హెచ్చి తిండి తగ్గి మూడు నెలలు ముట్టు నిలిచినచో అది వైద్యునకు చూపదగిన సంగతి.

గురువును ఎంచుకొనునపుడు నేల మెత్తగా పరచియున్నదా, తలకును దంతములకును రక్షణ గలదా, ఎండకాలమున ఉదయముననే నేర్పుదురా యని యడుగుడు. తల్లి వచ్చి చూచుటకు అడ్డుచెప్పు చోటికి పిల్లను పంపకుడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. దెబ్బ తగిలెనన్న మాన్పింతురను భయముతో పిల్లలు నొప్పిని దాచుదురు. దాచిన దెబ్బయే పెద్దదగును. పెద్దమనిషియైన నాటినుండి సాము మాన్పించు నిండ్లును కలవు; ఎముక బలపడు కాలముననే యిట్లు మాన్పుట యెంత నష్టము! కావున సోదరీమణులారా, పిల్ల ఇంటికి వచ్చినంతనే కోపింపక "ఎక్కడైన నొచ్చెనా అమ్మా?" యని యడుగుడు. నిజము చెప్పిన పిల్లను శిక్షింపకుడు. అట్టి యింటి బాలికకు సాము మేలే చేయునని మా నమ్మకము.