వరల్డ్ టూర్ సరే, వదిన ఫోన్‌కి ఓటీపీ వస్తుందా?

పెద్ద ట్రిప్ ప్లాన్ చెయ్యగానే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్ళు చేసే మొదటి పని ఫోన్ అప్‌గ్రేడ్. 'ఎలాగూ వెళ్తున్నాం కదా, మంచి కెమెరా ఉండాలి' అని ఒక సాకు. వారం రోజుల గోవా ట్రిప్‌కైతే నేనేం అనను. కానీ ఒక జంట ఏడాది పాటు దేశాలు తిరగబోతుంటే కెమెరా నా లిస్టులో చాలా కిందకి పోతుంది. అన్నిటికన్నా ముందు నేను అడిగేది ఒకటే: ఇద్దరిలో ఎవరి ఫోన్ పోయినా, రెండోవాళ్ళు ఆ రాత్రి హోటల్ బిల్లు కట్టగలరా?

మా పెద్దనాన్నగారి అబ్బాయి, వదిన ఉద్యోగాలకి ఏడాది సెలవు పెట్టి బయల్దేరుతున్నారు. వియత్నాం, జపాన్, తర్వాత యూరప్, ఆపైన మొరాకో, ఈజిప్ట్. "నువ్వు ఇవే కదరా రాస్తుంటావ్, ఓసారి చూడు" అని అన్నయ్య సామాన్ల లిస్టు పంపాడు. కొత్త ఫ్లాగ్‌షిప్ ఫోన్లు రెండు, డ్రోన్, గింబల్, 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. అందులో 'సిమ్' అన్న మాట ఎక్కడా లేదు.

ఆదివారం వాళ్ళింటికెళ్ళి అన్నయ్య ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి జేబులో వేసుకున్నా. వదినని ఒక ఫ్లైట్ టికెట్ బుక్ చెయ్యమన్నా. గంటన్నర కుస్తీ పట్టింది, టికెట్ రాలేదు. జాయింట్ అకౌంట్‌కి రిజిస్టర్ అయిన నంబర్ అన్నయ్యది, కాబట్టి ఓటీపీ నా జేబులోకి వచ్చి ఆగింది. పోనీ ట్రావెల్ బుకింగ్స్ అన్నీ ఉన్న ఈమెయిల్ తెరుద్దామంటే రికవరీ నంబర్ కూడా అదే. వీసా కాగితాలు దాచిన క్లౌడ్ డ్రైవ్ కూడా ఆయన లాగినే. వదిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ అండీ బాబూ, టెక్నాలజీ తెలియని మనిషి కాదు. "ఇంట్లో ఎప్పుడూ ఆయనే చూసుకుంటారు కదా" అంది.

మన ఇళ్ళల్లో చాలావరకు ఇదే కథ. పాస్‌వర్డ్‌లూ పిన్‌లూ ఒక్కరి దగ్గర ఉంటాయి, ఎక్కువగా మగాళ్ళ దగ్గరే. దాన్ని మనం 'బాధ్యత' అని పిలుచుకుంటాం. హైదరాబాద్‌లో సిమ్ పోతే ఆధార్ పట్టుకుని స్టోర్‌కి వెళ్తే పని అయిపోతుంది. మరాకేష్‌లో పోతే? డూప్లికేట్ సిమ్ ఇచ్చేవాళ్ళు అక్కడ ఉండరు, బ్యాంకులో నంబర్ మార్చాలంటే బ్రాంచ్ ఇక్కడుంది. డబ్బు అకౌంట్‌లోనే ఉంటుంది గానీ ఇద్దరిలో ఒక్కరు కూడా ముట్టుకోలేరు.

అందుకే కొత్త ఫోన్లు క్యాన్సిల్ చెయ్యమన్నా. ఇప్పుడున్నవి రెండేళ్ళ నాటివి, శుభ్రంగా పనిచేస్తున్నాయి. బ్యాటరీలు మార్పిస్తే చాలు. దాని బదులు వదిన పేరు మీదున్న సొంత అకౌంట్‌లోకి, అంటే ఆమె నంబర్‌కే ఓటీపీ వచ్చే అకౌంట్‌లోకి, ట్రిప్ డబ్బులో కొంత వెయ్యమన్నా. 2020లో వచ్చిన ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే ఆన్ అయి వస్తాయి. విదేశీ వాడకం మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఇద్దరి కార్డులకీ ఆ పని బయల్దేరకముందే అయిపోవాలి.

ఇక సిమ్. ట్రావెల్ డేటాకి ఈసిమ్ హాయిగా ఉంటుంది, వాడండి. మన ఇండియా నంబర్ మాత్రం ప్లాస్టిక్ సిమ్‌లోనే ఉంచండి అంటాను. ఫోన్ కిందపడి డిస్‌ప్లే చచ్చిపోతే సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకోవచ్చు. ఈసిమ్‌ని అలా చేత్తో తీయలేం కదా. దొంగ కూడా అదే పని చెయ్యగలడనుకుంటున్నారా? నిజమే. అందుకే సిమ్ పిన్ పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో ఎప్పట్నుంచో ఉన్న ఆప్షన్ ఇది, వాడేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది కాబట్టి ఆ నంబర్ కాగితం మీద రాసుకోండి. రోమింగ్ కూడా ఇక్కడున్నప్పుడే యాక్టివేట్ చేయించాలి. యూపీఐ యాప్‌ని కొత్త ఫోన్‌లో సెట్ చెయ్యాలంటే మన సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్ళాలి, అది పరాయి దేశంలో ఎప్పుడు వెళ్తుందో దేవుడికే తెలియాలి. అందుకే అన్నయ్య డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్‌ని మూడో ఫోన్‌గా ఫ్యాక్టరీ రీసెట్ చేసి, వదిన ఈమెయిల్, ఆఫ్‌లైన్ మ్యాప్స్, పాస్‌పోర్ట్ స్కాన్లు అందులో వేశాం. బయట తిరిగేటప్పుడు అది హోటల్ గదిలోనే ఉంటుంది. గూగుల్ అకౌంట్‌కి ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి, ఒకరివి ఇంకొకరి బ్యాగ్‌లో పెట్టించా.

మిగతా లిస్టు పెద్ద పని కాలేదు. డ్రోన్ ఇంట్లోనే. మొరాకో, ఈజిప్ట్ రెండింట్లోనూ డ్రోన్ తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టేసుకుంటారు. 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 3.7 వోల్టుల లెక్కన 111 వాట్-అవర్లు. అనుమతి అడక్కుండా విమానంలో తీసుకెళ్ళే హద్దు 100. 20,000ది అయితే 74, గొడవే లేదు. అదీ చేతి బ్యాగ్‌లోనే.

రైస్ కుక్కర్ దగ్గర మాత్రం నేను ఓడిపోయా. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 వోల్టులు అని రాసుంటుంది, ప్లగ్ అడాప్టర్ ఒకటి ఉంటే ఎక్కడైనా పనిచేస్తాయి. కుక్కర్ అలా కాదు. మన 230 వోల్టులకి చేసిన 300 వాట్ల కుక్కర్‌ని జపాన్‌లో 100 వోల్టులకి పెడితే 60 వాట్లు కూడా లాగదు, బియ్యం నానతాయి తప్ప ఉడకవు. ఇదంతా లెక్కేసి చెప్పా. వదిన విని, "జపాన్‌లో ఉండేది రెండు వారాలేగా, యూరప్‌లో మనలాగే 230 కదా?" అంది. కుక్కర్ లిస్టులో ఉండిపోయింది.