కూడలిలో బొమ్మ ఎవరి ఇష్టం?

మీ వీధి చివర నాలుగు రోడ్లు కలిసే చోట ఒక విగ్రహమో, సిమెంటు నెమలో, రంగుల ఫౌంటేనో వెలిసినప్పుడు, అది పెట్టేముందు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? అడగలేదు కదూ! మనమూ అడగలేదు. ముసుగు తీసిన రోజున పిల్లల్ని ఎత్తుకుని వెళ్లి చూసి, "బాగానే వుంది" అనుకుని వచ్చేశాం. యింట్లో కర్టెన్ల రంగు కోసం నాలుగు షాపులు తిరిగే మనం, రోజూ కళ్లబడే వీధి సంగతి మాత్రం పట్టించుకోం. ఆ బొమ్మకు పెట్టిన డబ్బు మనం కట్టిన ఇంటి పన్నూ, నల్లా పన్నే అయినా సరే.

ఈ వారం ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం వేములవాడ. రాజన్న గుడి విస్తరణకూ, మూలవాగు వంతెన నుంచి గుడి దాకా రోడ్డు వెడల్పు చెయ్యడానికీ 2024 నవంబరు 20న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రోడ్డు కోసం ఇళ్లూ దుకాణాలూ పోగొట్టుకున్నవాళ్ల బాధ వేరే చెప్పాలి, అది ఈ పేజీలో ఇమిడేది కాదు. రోడ్డు వెడల్పయ్యాక కొత్త గోడలు వస్తాయి, కొత్త కూడళ్లు వస్తాయి. ఖాళీ గోడ కనబడితే రంగుల డబ్బా పరుగెత్తుకొస్తుందన్నది మనకి తెలిసిందేగా! ఏం బొమ్మ వెయ్యాలి, ఎవరు వెయ్యాలి, వేశాక ఎవరు చూసుకోవాలి అన్నవి ముందే ఆలోచించుకోవలసిన ప్రశ్నలు. పోపు మాడిపోయాక మూత తీసి చూస్తే ఏం లాభం?

"ముందు బాత్రూములు కట్టమనండి, బొమ్మలెందుకు?" అని మీలో కొందరు అనేస్తారని నాకు తెలుసు. ఆ మాట కాదనను. శివరాత్రి జాతరకో, మేడారం వెళ్లేముందు రాజన్నను మొక్కుకోవడానికో వచ్చే జనంలో ఆడవాళ్ల అవస్థ చూసినవాళ్లెవరూ కాదనలేరు. కానీ బాత్రూములు కట్టలేదని బొమ్మలు ఆగడం లేదు, చూడండి. ఎలాగూ వస్తూనే వున్నాయి. వచ్చేవి కాస్త పద్ధతిగా రావాలనే నా గోల.

పద్ధతి అంటే మనకి కొత్తదేం కాదు. వేములవాడ చుట్టుపక్కలే దానికి వెయ్యేళ్లు దాటిన సాక్ష్యం వుంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట అని వుంది. వేములవాడ చాళుక్యుల కాలంలో, సుమారు 945లో, కన్నడ ఆదికవి పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్ట రాతి మీద చక్రేశ్వరీ దేవినీ, జైన తీర్థంకరులనూ చెక్కించాడు. అంతటితో ఊరుకోలేదు. ఎవరు చేయించారు, ఏమేం చేయించారు అన్నదంతా పక్కనే మూడు భాషల్లో, కన్నడం, సంస్కృతం, తెలుగుల్లో, రాయించి పెట్టాడు. బసదికి త్రిభువనతిలకమనీ, చెరువుకు అన్నగారి బిరుదు మీద కవితాగుణార్ణవమనీ, తోటకు మదనవిలాసమనీ పేర్లు పెట్టాడు. గమనించారా? బొమ్మ ఒక్కటే కాదు, దానితోపాటు గుడీ, నీళ్లూ, నీడా! కొండెక్కి వచ్చినవాడు బొమ్మను చూసి, చెరువులో కాళ్లు కడుక్కుని, తోటలో కూచోవచ్చు. ఈ కాలపు ప్లానర్లు పెద్ద పెద్ద పుస్తకాల్లో చెప్పేది ఇదే. ఆ శాసనంలోని తెలుగు కంద పద్యాలను మన సాహిత్యం ఎంత పాతదో చెప్పడానికి పండితులు ఈనాటికీ చూపిస్తుంటారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడూ ఈ గుట్ట పేరు గట్టిగానే వినిపించింది.

ఇక మన కూడళ్లలోని శిలాఫలకాలు చదవండి. మంత్రిగారి పేరు, ఎమ్మెల్యేగారి పేరు, అధ్యక్షుల వారు, గౌరవ అతిథులు. పదీ పన్నెండు పేర్లుంటాయి. చెక్కిన శిల్పి పేరు మాత్రం వుండదు. ఎంత ఖర్చయిందో వుండదు. ఆ పెద్దమనిషి ఎవరో, ఆయన విగ్రహం ఇక్కడే ఎందుకు పెట్టారో అంతకన్నా వుండదు. మనవరాలు అడిగితే ఏం చెబుతాం?

ఎవరి బొమ్మ పెట్టాలన్నది నిజంగా చిక్కు ప్రశ్నే. హైదరాబాదు ట్యాంక్‌బండ్ సంగతి మీకు గుర్తుండే వుంటుంది. ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా వున్న రోజుల్లో, 1980ల్లో, తెలుగు వెలుగులంటూ 33 విగ్రహాలు వరసగా పెట్టించారు. ఆలోచన మంచిదే, బొమ్మలూ బాగానే వచ్చాయి. కానీ "మా తెలంగాణవాళ్లు ఇంతమందేనా?" అన్న మాట లోపల్లోపలే రగిలింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజున అది బద్దలయి చాలా విగ్రహాలు విరిగి హుస్సేన్‌సాగర్‌లో పడ్డాయి. తరవాత మళ్లీ చేయించి పెట్టారు. విరగ్గొట్టడం తప్పే. ఎంపిక చేసేటప్పుడు నలుగుర్నీ కూచోబెట్టి అడిగి వుంటే అంత దాకా వచ్చేది కాదేమో అని నాకనిపిస్తుంది. మరొక్క సంగతి, ఆ ముప్ఫైమూడింట్లో ఆడవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. రుద్రమదేవి వుంది, మొల్ల వుంది. ఆ వేళ మనం ఎవరం అడగలేదు మరి!

అదే చెరువులో బుద్ధుడిదీ ఒక కథ. విచిత్రం చూడండి, అదీ మార్చి 10నే, 1990లో. గణపతి స్థపతి చేత చెక్కించిన యాభై ఎనిమిది అడుగుల ఏకశిలా విగ్రహాన్ని నీళ్ల మీద తీసుకెళ్తుంటే బల్లకట్టు ఒరిగిపోయింది. విగ్రహం చెరువు అడుగుకి పోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండేళ్లకు పైగా నీళ్లలోనే వుండి 1992 డిసెంబరులో లేచి నిలబడ్డాడు. చెక్కడానికి పడిన శ్రద్ధ మోసుకెళ్లడానికీ పడాలి. ఊళ్లో చిన్న బొమ్మకైనా అంతే. పునాది ఎంత, గాలివానకి నిలుస్తుందా, పిల్లలు ఎక్కితే పడుతుందా అని ఇంజనీరు సంతకం పెట్టాలి. కళాకారుడి సంతకం ఒక్కటీ చాలదు.

మరి పై దేశాల్లో ఎలా చేస్తారంటారా? అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లో ఒక నియమం పెట్టుకుంది. కట్టడాల ఖర్చులో నూటికి ఒక వంతు కళకు కేటాయించాలని. కోటి రూపాయల పనికి లక్ష అన్నమాట. ఆ తరవాత ఎన్నో ఊళ్లు దాన్నే పట్టుకున్నాయి. ఢిల్లీలో 1973లో చట్టం చేసి అర్బన్ ఆర్ట్ కమిషన్ పెట్టారు. నగరంలో పెద్ద కట్టడమేదైనా చూడ్డానికి ఎలా వుంటుందన్నది అది పరిశీలించి చెప్పాలి. మన తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్లో పదోవంతు పచ్చదనానికి తీసిపెట్టమంది. చాలా మంచి మాట. కళకు మాత్రం అలాంటి అంకె పెట్టలేదు. అందుకనే ఏ పద్దు కిందో, స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల కోసమో గోడలకు రంగులు పడుతుంటాయి. చెత్తబుట్ట బొమ్మ, చీపురు బొమ్మ, భూగోళాన్ని రెండు చేతులతో పట్టుకున్న బొమ్మ. నిజామాబాదులో అదే, నిర్మల్‌లో అదే, వేములవాడలోనూ అదే అయితే ఇంక ఊరు ఊరుకీ తేడా ఏముంది చెప్పండి?

టెండరు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. ఎందుకంటే పాడయ్యేది అక్కడే. మోరీ కట్టడానికి తక్కువ రేటు ఎవరు వేస్తే వాళ్లకి ఇవ్వడం న్యాయమే, అది కొలతల పని. బొమ్మకీ అదే పద్ధతంటే మాత్రం పెళ్లి వంటకు ఎవరు చవగ్గా చేస్తారని మాత్రమే అడిగి వంటవాణ్ణి పెట్టుకున్నట్టే! కాంట్రాక్టరు టెండరు దక్కించుకుని, సగానికి సగం రేటుకి ఎవరో పెయింటరుకి అప్పగిస్తాడు. ఆ పెయింటరు పాపం చెయ్యి తిరిగినవాడే అయినా, ఆ డబ్బుకి వారంలో ముగించక తప్పదు. రాణీ రుద్రమ కాస్తా సినిమా తార అయిపోతుంది. బాగా చేసే ఊళ్లలో ఇలా చెయ్యరు. ముందు చోటు చూపించి, ఎంత డబ్బు వుందో చెప్పి, నమూనాలు పంపమంటారు. వాటిలో మూడో నాలుగో ఏరి, ఆ కళాకారులకు చిన్న మొత్తం ముందే ఇచ్చి పూర్తి నమూనా చేయిస్తారు. ఆ నమూనాలను పదిమంది తిరిగే చోట వారం రోజులు పెడతారు. శిల్పం తెలిసినవాళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు, ఇంజనీరు, ఆ వీధిలో వుండేవాళ్లు కలిసి కూచుని ఒకటి ఎంచుతారు. డబ్బు కూడా పనిని బట్టి విడతలు విడతలుగా ఇస్తారు. మట్టి నమూనా చూశాక కొంత, పోత పోశాక కొంత, నిలబెట్టాక మిగతాది.

వేములవాడలో వెయ్యడానికి విషయాలు లేవా అంటే, వెతుక్కోనక్కర్లేదు. రాజన్నకు మొక్కే కోడె వుంది. ధర్మగుండం వుంది. గుడి ఆవరణలోనే దర్గా వుంది, రెండు చోట్లా మొక్కే తల్లులున్నారు. పక్కనున్న హన్మాజీపేట ఒక్క ఊరే సినారెను ఇచ్చింది, ఒగ్గు కథ మిద్దె రాములును ఇచ్చింది. సిరిసిల్ల మగ్గాల చప్పుడు ఎంతో దూరంలో లేదు. ఇక మన బతుకమ్మ! రాష్ట్రమంతా తొమ్మిదో రోజున సద్దులైతే వేములవాడలో ఏడో రోజుకే సద్దుల బతుకమ్మ ఆడతారు. తంగేడు, గునుగు వరసలు పేర్చే చేతికి రంగుల పొందిక ఎవరైనా నేర్పాలా? అయినా గోడల మీద బొమ్మలు ఎంచే కమిటీలో ఆ చేతులవాళ్లు ఒక్కరూ వుండరు.

వుండాలంటే దారి వుంది. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు. యువకులది ఒకటి, పెద్దవయసువారిది ఒకటి, ఊళ్లో పేరున్నవారిది ఒకటి, మన మహిళలది ఒకటి. చీపురు పట్టుకుని ఫొటో దిగడానికి మాత్రమే మనల్ని పిలుస్తారని నవ్వకండి. ఆ కూచున్న చోటే, "మా కూడలిలో ఏం పెట్టబోతున్నారు? నమూనా చూపించండి" అని అడగవచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద మున్సిపాలిటీకి పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టవచ్చు. అంచనా ప్రతి, కౌన్సిల్ తీర్మానం ప్రతి, ఒప్పందం ప్రతి కావాలని తెల్లకాగితం మీద రాస్తే చాలు.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. రోడ్ల మీదా, ఫుట్‌పాత్‌ల మీదా, జనం వాడుకునే చోట్లా విగ్రహాలకు ఇకమీదట అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలకు చెప్పింది. అయినా తెల్లారేసరికి గుడ్డ కప్పిన విగ్రహం ఒకటి ప్రత్యక్షమవుతూనే వుంటుంది. ఒకసారి పెట్టాక తియ్యమంటే గొడవ, పోలీసులు, లాఠీలు. అందుకని బొమ్మకు సరైన చోటు పార్కు, చెరువు గట్టు, బస్‌స్టాండు ఆవరణ. అక్కడైతే నీడన బల్ల వేసుకుని చంటిపిల్లతో కూచుని చూడవచ్చు కూడా. కూడలి మధ్యలో ఏనుగంత బొమ్మ పెడితే రోడ్డు దాటే పిల్ల లారీవాడికి కనబడదు.

అసలు అందరూ మరిచేది పెట్టాక చూసుకోవడం. ఇల్లు కట్టగానే సరిపోయిందా, ఏటేటా సున్నం వెయ్యమూ? చెమ్మ దిగే గోడ మీద ప్రైమరు లేకుండా వేసిన బొమ్మ రెండు వానాకాలాలు చూడదు, పెచ్చులూడుతుంది. ఆపైన పోస్టర్లు, పాన్ మరకలు. ఫౌంటేను ఆరు నెలలకే మోటారు కాలి దోమల తొట్టి అవుతుంది. బొమ్మకు అనుకున్న డబ్బులోంచే కొంత పక్కన పెట్టి, ఏ బొమ్మ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు కడిగారు, ఎవరిది బాధ్యత అని ఒక రిజిస్టరు రాయాలి. మన పాలవాడి ఖాతా పుస్తకం లాంటిదే! పాడయితే బాగుచెయ్యాలా తీసెయ్యాలా అన్నది కూడా అందులోనే ముందుగా రాసుకోవాలి.

రాజన్న దర్శనానికి వెళ్లేవాళ్లు ఈసారి పిల్లల్ని బొమ్మలమ్మ గుట్టకి కూడా తీసుకెళ్లండి. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారి వైపు వుంటుంది. ఎండ ముదరకముందే బయల్దేరండి, నీళ్ల సీసా, తొక్కుడు చెప్పులు మరవకండి. పిల్లలు పేర్లు గీకకుండా ఒక కన్నేసి వుంచండి.